ఎడమ బూట్ల అడోలే

అడోలే నోటికి జడిసి ఆమె రేకుల పందిరి మీద కాకి కూడా వాలదని సంతలో అనుకునేవాళ్ళు. అదంతా వట్టి మాట. కాకులు నిక్షేపంగా వాలేవి, ఆమె వాటినీ నిక్షేపంగా తిట్టేది.

అక్రాలో రైలు పట్టాల పక్కనున్న పాత సరుకుల సంతలో, బూట్ల వరస మొదట్లో, సరిగ్గా గేటు మలుపులో ఆమె బల్ల ఉండేది. ఆటల బూట్లు తప్ప మరొకటి అమ్మదు. ఏ చలిదేశంలో ఎవడు తొడిగి వదిలేసినవో గానీ, మూటల్లో వచ్చి అడోలే చేతిలో పడ్డాయంటే వాటికి మళ్ళీ పుట్టుకే. పాత పళ్ళ బ్రష్షుకి సబ్బు రాసి తోముతుంది. అడుగున బుడిపెల మధ్య ఇరుక్కున్న పరాయి మట్టిని మేకుతో గీకి పారేస్తుంది. తెల్ల లేసుల్ని నిమ్మరసంలో నానబెడుతుంది. లోపల న్యూస్‌పేపరు కూరి నీడలో ఆరబెడుతుంది, ఎండలో పెడితే తోలు పగులుతుందని వాళ్ళమ్మ చెప్పింది కాబట్టి.

ఆ వరసలో ఒక ఆచారముంది. బయట తాడుకి వేలాడేది ఎప్పుడూ ఎడమ బూటే. కుడిది కూర్చునే బల్ల కింద గోనెసంచిలో ఉంటుంది. రెండూ బయట పెడితే దొంగవెధవ జతగా లాక్కుని ఉడాయిస్తాడు. ఒంటి బూటు ఎత్తుకుపోయి ఏం చేసుకుంటాడు, నెత్తిన పెట్టుకుంటాడా? దేనికి ఏది జతో తెలియడానికి రెండింటికీ ఒకే రంగు గుడ్డపీలిక కడతారు. కొనేవాడు ఎడమది తొడిగి, నాలుగడుగులు నడిచి, బేరం తెగ్గొట్టి, డబ్బు చేతిలో పెట్టాకే కుడిది వెలుగు చూస్తుంది. అడోలే పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ చూస్తున్నది ఇదే.

ఇక ఆ మలుపు సంగతి. మూడు దారుల మనుషులు అక్కడ కలుస్తారు. సముద్రపు గాలి తిన్నగా వచ్చి తగులుతుంది. పొద్దు వాలేవరకూ నీడ ఉంటుంది. అడోలే ఆ బల్ల కిందే పాకింది, ఆ బల్ల మీదే కూర్చుని తన కూతురికి పాలిచ్చింది. వాళ్ళమ్మ పోయేముందు ‘మలుపు నీదే’ అని అడోలే చేతిలో చెయ్యి వేసింది, కోడలు షోర్మేకి మాత్రం వరస చివర మురుక్కాలవ పక్కన చోటు చూపించింది. వానొచ్చిందంటే కాలవ పొంగి షోర్మే సరుకంతా పడవలై తేలుతుంది. అప్పట్నించీ షోర్మే మలుపు కేసి చూసే చూపు అడోలే వీపుకి తెలుస్తూనే ఉంటుంది.

ఆ సోమవారం బేరాల్లేవు. వేయించిన అరటిపండు ముక్కలు పొట్లంలోంచి తింటూ షోర్మే వచ్చి నిలబడింది.

“ఏం వదినా, ఈగలు బాగా కొంటున్నాయా ఇవాళ?”

“నీ దగ్గరికి దోమలొచ్చాయట కదే, పోయి చూసుకో.”

“నాకేం, నిన్న కూర్చున్న చోటునించే రెండు జతలు ఫోన్లో అమ్మాను. ఫొటో పెట్టడం, వాడు ఫోన్లోనే డబ్బు కొట్టడం, బండివాడొచ్చి పట్టుకుపోవడం. ఈ రోజుల్లో మలుపంతా ఫోన్లో ఉంది వదినగారూ. నువ్వేమో ఫోను చెవికి తలకిందులుగా పెట్టుకుంటావాయె.”

“నాకు రానిదంటూ ఉందటే ఈ భూమ్మీద?”

“అయితే పందెం కాయి.” షోర్మే వేళ్ళు నాక్కుని, చెయ్యి గౌనుకి తుడుచుకుంది. “శనివారం సంత కట్టేలోపు ఫోన్లో ఫొటో పెట్టి ఒక్క జత అమ్ము. ఒక్కటంటే ఒక్క జత. అమ్మావా, నేనీ జన్మలో మలుపు మాటెత్తను. అమ్మలేదా, ఏడాదిపాటు నువ్వు కాలవ పక్కన, నేనిక్కడ.”

అడోలే నోరు ఎప్పుడూ అడోలే కన్నా ముందు పరిగెడుతుంది. “సరేనే! పందెం అంటే పందెమే! ఒక్పోటి తాతే సాక్షి!”

ఒక్పోటి తాత వరసకి పెద్ద. ఊడిన బూటు అడుగులు జిగురుపెట్టి అతుకుతాడు. ఎదురుగా కూర్చుని జిగురు డబ్బా మూత తీయలేక అవస్థ పడుతున్నాడు.

“కందకి లేని దురద కత్తిపీటకెందుకే? నన్నెందుకు లాగుతారు మధ్యలోకి?” అన్నాడు. మళ్ళీ తనే, “విన్నాన్లే, విన్నాను,” అన్నాడు.

షోర్మే నడుం తిప్పుకుంటూ వెళ్ళిపోయాక గానీ తనేం అన్నదో అడోలేకి తలకెక్కలేదు. బల్ల అంచున వాళ్ళమ్మ కత్తితో పెట్టిన గాటు ఉంటుంది, పిల్లల పాదాలు కొలవడానికి. ఆ గాటు మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే ఫొటోల యజ్ఞం మొదలైంది. కుమాసీలో చదువుతున్న కూతురు క్రిస్మస్‌కి వచ్చినప్పుడు అమ్మకాల పేజీ ఒకటి ఫోన్లో పెట్టి, ఏది నొక్కితే ఏమవుతుందో చూపించి వెళ్ళింది. అడోలే తన సరుకులో మహారాణిని ముందు దించింది. పచ్చటి పసుపు రంగు ఫుట్‌బాల్ బూటు, నిండా నెల కూడా వాడలేదేమో, బుడిపెలు పదును పోలేదు. నేల మీద నీలం పట్టా పరిచి, బూటు పెట్టి, ఫోను గురిపెట్టింది.

మొదటి ఫొటోలో బూటు మీద ఆమె తలగుడ్డ నీడ పెద్ద కుండలా పడింది. రెండోదాంట్లో సగం బొటనవేలే. మూడోదాంట్లో బూటు లేదు, కింద నుంచి తీసిన ఆమె సొంత గడ్డమూ ముక్కు రంధ్రాలూ ఉన్నాయి. “ఛీ, నేనింత ముసల్దాన్నయిపోయానా!” అని ఉలిక్కిపడింది. చివరికి బల్లెక్కి నిలబడి, ఎండని వీపుకి కాకుండా పక్కకి తెచ్చుకుని, ఊపిరి బిగబట్టి తీస్తే కుదిరింది. ఆ తర్వాత చెయ్యి తిరిగింది. పక్క నుంచి ఒకటి, అడుగు కనిపించేలా ఒకటి, బూటు నాలుక మీద కొలత అంకె కనిపించేలా ఒకటి. తాడుకి వేలాడుతున్నవాటిలో మంచివన్నీ తీసి, ధరలు సెడీల్లో రాసి, పేజీలో పెట్టేసింది. మధ్యాహ్నానికి కెంకె ముద్దా వేయించిన చేపా తింటూ, “ఇంతేనా ఈ ఫోను విద్య! దీనికా ఇంత మిడిసిపాటు!” అని వరసంతా వినిపించేలా అంది.

అన్న కాసేపటికే ఫోను టకటకా మోగడం మొదలుపెట్టింది. బేరాలే అనుకుని మిరపకాయ పచ్చడి చేత్తోనే తెరిచింది.

‘అత్తా, రెండో కాలు ఏ ఊరెళ్ళింది?’

‘సగం బూట్లేగా, సగం ధరకిస్తావా?’

‘పాపం ఒంటి బూటుకి సంబంధం చూస్తున్నారా ఆంటీ? మా ఇంట్లో కూడా ఒకటుంది, కాస్త వయసు మళ్ళింది.’

అడోలేకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఫోను పట్టుకెళ్ళి ఒక్పోటి తాత ముక్కు ముందు పెట్టింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు.

“ఓసి పిచ్చిమొహమా! అన్నీ ఎడమవే పెట్టావు కదే!”

“మరి? కుడిది డబ్బిచ్చాక ఇస్తాం కదా!”

“అది సంతకొచ్చే వాడికి తెలుసు. ఫోన్లో ఉన్న వాడికి నీ బల్ల కింద సంచి కనిపిస్తుందటే?”

అడోలే నాలుక కరుచుకుంది. ఇన్నేళ్ళ చెయ్యి, తాడు మీదున్నదే ఫొటో తీసింది తప్ప, సంచిలోది గుర్తుకే రాలేదు. గబగబా తీసేద్దామనుకుంటే అప్పటికే ఆ ఫొటోలు ఒకరి ఫోన్లోంచి ఒకరి ఫోన్లోకి దూకి సగం ఊరు తిరిగొచ్చాయి. ‘ఎడమ బూట్ల అడోలే’ అని ఎవడో పేరు కూడా పెట్టాడు. షోర్మే ఊరుకుంటుందా? వరస ఆ చివర నుంచి ఈ చివరికి నడుస్తూ, పాదిరి ప్రసంగం చదివినట్టు, ఒక్కొక్క వెక్కిరింతా పైకి చదివింది.

బుధవారం అడోలే కుడివాటినీ బయటికి తీసింది. పట్టపగలు జతలు జతలుగా పట్టా మీద పెడుతుంటే ఆమెకి ప్రాణాలు అరచేతిలో ఉన్నాయి. అటొకసారి ఇటొకసారి చూస్తూ, ఫొటో తియ్యగానే కుడిదాన్ని సంచిలోకి తోసేస్తూ తీసింది. కానీ నవ్వులపాలైన దుకాణంలో ఎవరు కొంటారు? ‘నిన్న లేని కుడికాలు ఇవాళెలా మొలిచింది ఆంటీ?’ అని అడిగేవాళ్ళే తప్ప డబ్బు పంపేవాడు లేడు.

గురువారం పొద్దున మళ్ళీ ఫోను మోగింది. మగగొంతు.

“అమ్మా, మంగళవారం ఎడమ బూటొకటి పెట్టారు, పసుప్పచ్చది. ఉందా? అదొక్కటే కావాలి.”

అడోలే రెండు రోజులుగా దాచుకున్నదంతా ఒక్కసారి పొంగింది. “ఏరా, మళ్ళీ మొదలెట్టావా? అదొక్కటీ ఏం చేసుకుంటావురా తలమాసినవాడా? నీకేమన్నా ఒక్క కాలే ఉందా?”

“అవునమ్మా,” అన్నాడతను.

అడోలే నోట మాట పడిపోవడం ఆ వరస అదే మొదటిసారి చూడటం. ఎదురుగా ఒక్పోటి తాత జిగురు డబ్బా కింద పెట్టి మరీ చూశాడు.

అవతల అతను పకపకా నవ్వాడు. “ఉన్నదొక్కటే, అదృష్టం కొద్దీ ఎడమదే. మధ్యాహ్నం వస్తాను, తిట్లు ఏమన్నా మిగిలితే అప్పుడు తిడుదురు గానీ.”

అన్నట్టే వచ్చాడు. పేరు అర్మా. ముప్పై ఏళ్ళుంటాయి. భుజాలు కొబ్బరి బోండాల్లా ఉన్నాయి. ఇనప ఊతకర్రల మీద సంత రద్దీలోంచి చేప ఈదినట్టు దూసుకొచ్చి బల్ల మీద ఆమె పక్కన కూర్చున్నాడు. అడోలే సిగ్గుతో చితికిపోయింది.

“నాయనా, ఏమీ అనుకోకు. నా నోరు మంచిది కాదు. మనసు అంత చెడ్డది కాదు.”

“అనుకోవడానికేముందమ్మా. చిన్నప్పుడు లారీ కింద పడింది, పోయింది. అప్పట్నించీ ఇలా మొహం మీద అడిగిన మనిషి మీరే. అందరూ ఆకాశం కేసి చూస్తూ మాట్లాడతారు.” అతను పసుపు బూటు చేతిలోకి తీసుకుని అడుగు నొక్కి చూశాడు. “చోర్కోర్‌లో మా ఫుట్‌బాల్ జట్టుంది. చోర్కోర్ కొంగలు. అందరం ఒంటికాలి వాళ్ళమే, గోలు కాసే గోలీ తప్ప. వాడికి కాళ్ళు రెండూ ఉన్నాయి, చెయ్యి ఒకటి లేదు. మాలో ఖర్చుమనిషి వాడే, రెండు బూట్లు కావాలి.”

అడోలేకి నవ్వాలో వద్దో తెలియలేదు. అతనే నవ్వాడు కాబట్టి నవ్వేసింది.

“జత కొనడం, కుడిది మంచం కిందికి తొయ్యడం. ఇదే నా బతుకు. మంచం కింద కొత్తకొత్త కుడి బూట్లు గుట్టపడ్డాయి. మా ఆవిడ వాటిలో మట్టిపోసి ఉల్లికాడలు పెంచుతోంది. ఒంటి బూటు అమ్మే మనిషిని ఫోన్లో చూడగానే, దేవుడు నా మొర విన్నాడనుకున్నాను.”

అడోలే పసుపు బూటు పీలికని అటూ ఇటూ తిప్పింది. ఇచ్చెయ్యాలనే ఉంది. కానీ చెయ్యి రాలేదు. జత విడదీసిన చెయ్యి ఇల్లు విడదీస్తుందని వాళ్ళమ్మ నూరుసార్లు చెప్పింది. ఆ మాటే అతనితో అంది. అతను బూటు మెల్లగా పట్టా మీద పెట్టేశాడు.

“పెద్దల మాట. సరేనమ్మా.”

ఆ ‘సరేనమ్మా’ ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. అతను లేవబోతుంటే మోకాలు పట్టుకుని కూర్చోబెట్టింది. “ఆగు నాయనా. ఒంటరి సంచి ఉంది!”

ఒంటరి సంచి ఆ వరసలో ప్రతి బల్ల కిందా ఉంటుంది. మూటలో తోడు లేకుండా వచ్చిన బూట్లన్నీ అందులో పడతాయి. తర్వాతి మూటలో జోడు వస్తుందేమోనని ఎవరూ పారెయ్యరు. జోడు ఎప్పుడూ రాదు. అడోలే సంచి బోర్లించింది. ఎర్రవి, నల్లవి, వెండిచారలవి. అర్మా ఊతకర్రలు పక్కన పడేసి, నేల మీద చతికిలబడి, మిఠాయికొట్టులో వదిలిన పిల్లాడిలా ఏరుకున్నాడు. రెండు ఎడమవి అతనికి అతికినట్టు సరిపోయాయి. ఊరికే తీసుకోమంటే ఒప్పుకోలేదు.

“ఊరికే ఇస్తే మళ్ళీ రాను. నేను రాకపోతే మీకెవరు దొరుకుతారమ్మా తిట్టడానికి?”

అతను వెళ్ళాక అడోలే ఒంటరి సంచిలోవన్నీ కడిగి, తుడిచి, ఈసారి తెలిసి తెలిసి ఒంటిగానే ఫొటోలు తీసింది. ‘ఎడమవి ఇటు, కుడివి అటు. ఒక్కటే ఇస్తాను, ఎందుకని అడగను’ అని రాసి పెట్టింది. శుక్రవారం పొద్దున కొంగల జట్టు సగం గేటు దగ్గర దిగింది. ఊతకర్రల చప్పుడుకి వరసంతా లేచి నిలబడింది. వాళ్ళ వేళాకోళాలు, వీళ్ళ బేరాలు, మధ్యలో ఒంటిచేతి గోలీ, “నాకు కూడా సగం ధరకి ఇవ్వండమ్మా, నాక్కూడా ఏదో ఒకటి తక్కువేగా!” అని రాగాలు. సాయంత్రానికి సంచి ఖాళీ. సంచి అడుగు చూసి అడోలేకి కళ్ళు చెమర్చాయి. పందెం సంగతే మర్చిపోయింది.

షోర్మే మర్చిపోలేదు. “చాలా అమ్మావు వదినా. మెచ్చుకోవాల్సిందే. ఇంతకీ అందులో జతలెన్ని?”

ఒక్కటీ లేదు.

శనివారం ఒక పట్టాన గడవలేదు. ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, మోగలేదు. చిన్న తుంపర పడింది. వరస చివర కాలవ నీళ్ళ గుళగుళ మలుపుదాకా వినిపించింది. అమ్మ పెట్టిన గాటు మీద వేలు పెట్టింది. ‘ఏడాదేగా,’ అని సర్దిచెప్పుకుంది. ఏడాది తర్వాత షోర్మే లేస్తుందని నమ్మకమేమిటని మళ్ళీ తనే అడుక్కుంది. అక్కడ షోర్మే అప్పుడే తన బల్ల తుడుచుకుంటోంది, సామాను కట్టుకునే దానిలా.

తాళ్ళు విప్పే వేళకి అర్మా వచ్చాడు. పక్కన మరో కుర్రవాడు, సన్నగా, పొడుగ్గా. అతనికి ఎడమ కాలు లేదు.

“అమ్మా, వీడు బోర్టే. జట్టులో కొత్తగా చేరాడు. మాటలు తక్కువ, గోల్స్ ఎక్కువ కొడతాడు. నిన్న వీడి కాలు చూశాను. నా కొలతే! గోరంత తేడా లేదు. ఇన్నేళ్ళుగా నా కొలత కుడికాలి కోసం ఊరంతా వెతికానమ్మా, పెళ్ళికూతుర్ని కూడా అంత వెతకలేదు. మీరు ఫోన్లో పెట్టిన ఆ పసుపు జత కావాలి. ఎడమది నాకు, కుడిది వీడికి.”

అడోలే చెయ్యి సంచిలోకి వెళ్ళి ఆగిపోయింది. “మరి... జత విడిపోదూ?”

అప్పటిదాకా నోరు విప్పని బోర్టే నెమ్మదిగా అన్నాడు. “విడిపోవడమేంటమ్మా. ఒకే మైదానం, ఒకే ఆట. పడుకోవడానికి రెండిళ్ళు, అంతేగా.”

అడోలే కుడి బూటు తీసి ఎడమదాని పక్కన పెట్టింది. ఇద్దరూ చెరొకటి తొడుక్కున్నారు. ఇద్దరూ ఫోన్లో చెరిసగం పంపారు. ఈలోపు షోర్మే ఊడిపడనే పడింది.

“ఆగండాగండి! ఇద్దరు మనుషులు, రెండు చెల్లింపులు, రెండిళ్ళు. ఇది జతెలా అవుతుంది? నిన్నట్లాగే రెండు ఒంటివి అమ్మింది!”

“ఒకే మూటలో పుట్టాయే, ఒకే పీలిక కట్టానే!”

“అమ్మేటప్పుడు విప్పావుగా పీలిక! ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా? అత్త చోటిచ్చిన రోజు నుంచీ నీదే పైమాట. ఇవాళ మాత్రం కుదరదు!”

వరస రెండుగా చీలింది. జత అని కొందరు, కాదని కొందరు. అర్మా, బోర్టే బల్ల మీద కూర్చుని తమ కాళ్ళ మీద ఇంత తగువు జరగడం హాయిగా చూస్తున్నారు. చివరికి అందరూ ఒక్పోటి తాత వైపు తిరిగారు.

“రేపు వీళ్ళ ఆట ఉందట,” అన్నాడాయన. “వెళ్ళి చూద్దాం. జతో, రెండు ఒంటివో, కాళ్ళకి ఉన్నప్పుడు తెలుస్తుంది. అప్పటిదాకా నోళ్ళు ముయ్యండి. నాకు ఆకలేస్తోంది.”

ఆదివారం చర్చి నుంచి అటే నడిచింది బూట్ల వరసంతా, తెల్లబట్టల్లోనే. చోర్కోర్ మైదానం సముద్రానికి ఆనుకునే ఉంటుంది. చేపలు పొగబెట్టే పొయ్యిల వాసన, ఉప్పుగాలి, నేలంతా ఇసుక కలిసిన ఎర్రమట్టి. అడోలే ఒక పక్క, షోర్మే చేతులు కట్టుకుని మరో పక్క, మధ్యలో వేరుశనక్కాయల పొట్లంతో తాత.

ఆట మొదలయ్యాక అడోలేకి ఊపిరి తీసుకోవడం గుర్తులేదు. ఊతకర్రల మీద వాళ్ళు పరిగెత్తడం లేదు, ఎగురుతున్నారు. కర్ర బంతికి తగిలితే తప్పు. ఉన్న ఒక్క కాలే పరుగుకీ, ఆపడానికీ, తన్నడానికీ. పడుతున్నారు, దుమ్ము ఊసి లేస్తున్నారు. ఎవరూ ఎవర్నీ జాలిగా చూడటం లేదు. అవతలి జట్టువాడు బోర్టేని ఒక్క తోపు తోస్తే, “గుడ్డి వెధవా!” అని అడోలే అరిచిన అరుపుకి రిఫరీ వెనక్కి తిరిగి చూశాడు.

గోలు పడటం లేదు. పొద్దు వాలుతోంది. అప్పుడు ఎడమ అంచున అర్మాకి బంతి దొరికింది. పసుపు బూటు బంతిని లాక్కుంటూ, ఒకణ్ణి దాటి, ఇంకొకణ్ణి దాటి, అంచు చివరికంటా పోయింది. తల కూడా ఎత్తకుండా మధ్యలోకి తన్నాడు. అక్కడ ఎవరూ లేరు. ఉన్నట్టుండి రెండో పసుపు బూటు వచ్చింది. బోర్టే రెండు కర్రల మీద ఒళ్ళంతా గాల్లోకి లేపి, కుడికాలు విసిరాడు. బంతి వలలో పడింది.

“మన జతే! మన జతేనర్రా అది! చూశారా నా తల్లుల్ని, ఎంత చక్కని జతో!”

అరిచింది షోర్మే. తలగుడ్డ ఊడిపోయింది, చెప్పులెగిరిపోయాయి, పక్కనున్న తాతని కౌగిలించుకుని గంతులేస్తోంది. గంతులేసి గంతులేసి, తనేమన్నదో చెవిన పడి, ఠక్కున ఆగింది. వరసంతా ఆమెనే చూస్తోంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“తీర్పు చెప్పే బాధ నాకు తప్పింది,” అన్నాడు తాత, నేల మీద చెల్లాచెదురైన వేరుశనక్కాయలు ఏరుకుంటూ.

అడోలే నోటిలో మాటలు బారులు తీరి ఉన్నాయి. జీవితకాలం సరిపడా దెప్పిపొడవచ్చు. నోరు తెరిచింది కూడా. అంతలో చెప్పులు లేని షోర్మే పాదాల మీద ఆమె చూపు పడింది. వేళ్ళ సందులు తెల్లగా ఒరిసి, చెమ్మకి పగిలి, పుళ్ళు కట్టి ఉన్నాయి. కాలవ నీళ్ళలో ఏళ్ళ తరబడి నానిన పాదాలు. దారినపోయే వాడి కాలు చూసి కొలత చెప్పే అడోలే, సొంత మరదలి కాళ్ళు ఒక్కనాడూ చూడలేదు. బారులు తీరిన మాటలన్నీ వెనక్కి వెళ్ళిపోయాయి. వంగి చెప్పులు వెతికి తెచ్చి షోర్మే ముందు పెట్టింది. షోర్మే ఆమెని వింతగా చూసి తొడుక్కుంది.

సోమవారం పొద్దున అడోలే తాళ్ళు కట్టి బూట్లు వేలాడదీస్తోంది. రాత్రి గట్టివాన పడింది, దారంతా బురద. షోర్మే సరుకు మూట నెత్తిన పెట్టుకుని మలుపు దాటి తలొంచుకుని పోతోంది. మలుపు కేసి చూడను కూడా లేదు.

“ఒసేయ్ షోర్మే! ఎక్కడికే?”

“ఎక్కడికేంటి వదినా, నా కాలవ దగ్గరికి. మాటెత్తనన్నాను, ఎత్తలేదు. పందెం పందెమే.”

“నీ ఒంటరి సంచి ఏది?”

“ఇదుగో, మూటలోనే ఉంది. దాంతో నీకేం పని?”

“కొంగలు ఇంకో జట్టుకి చెప్పారట, టెమా నుంచి వస్తున్నారు. నా సంచి ఖాళీ. నీవి ఫొటోలు తియ్యాలి. వెలుతురు ఇక్కడే బాగుంటుంది.”

షోర్మే మూట దించలేదు. “నువ్వా తీసేది? ప్రతిదాన్లోనూ నీ బొటనవేలు పడుతుంది.”

“అందుకే కదే నిన్ను పిలిచేది! తీసేది నువ్వు, కడిగేది నేను. కూర్చో.”

“ఇవాళొక్క రోజా?”

“కాలవ పక్కన తడిసిన బూట్లు నాకొద్దు. తడిసిన మరదలూ నాకొద్దు. రోజూ.”

షోర్మే కళ్ళు చకచకా ఆర్పింది. గొంతు మాత్రం ఎప్పటిలాగే పెట్టుకుంది. “ఈ బల్ల మీద ఇద్దరెలా పడతాం? నీ ఒక్కదానికే చాలదాయె.”

అడోలే తిట్టుకుంటూ లేచింది. ఒళ్ళోవన్నీ సర్దుకుని, అమ్మ పెట్టిన గాటు మరదలి వైపుకి వదిలేసి, బల్ల ఆ చివరికంటా జరిగి కూర్చుంది.